ఏడో పేజీలో ఉంది

ఆఫీసుకు కొత్త ఎలక్ట్రిక్ కెటిల్ వచ్చింది ఉదయం పదింటికి. మేం టీ తాగింది మధ్యాహ్నం మూడూ నలభైకి. కెటిల్లో లోపం లేదు. కరెంటూ పోలేదు. దాని అట్టపెట్టె మా పత్రికలో టెక్నాలజీ పేజీ రాసే పెద్దమనిషి చేతికి చిక్కింది, అంతే.

ఆయనకున్నది ఒకటే జబ్బు. ఏ వస్తువు కొన్నా దాంతోపాటు వచ్చిన మాన్యువల్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివితే తప్ప మీట నొక్కడు, ఇంకొకర్ని నొక్కనివ్వడు. మనబోటివాళ్లం ఆ పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటే చెత్తబుట్టలో వేస్తాం. ఆయన వస్తువును పారేసి పుస్తకాన్ని దాచుకునే రకం.

"ఏమయ్యా, నీళ్లు పోసి మీట నొక్కడానికి కూడా చదువు కావాలా?" అన్నాను.

"నీళ్లు ఎందాకా పోయాలి?"

"లోపల గీత ఉంటుందిగా, అందాకా."

"గీతలు రెండున్నాయి. ఏ గీత?"

నేను గడియారం వైపు చూశాను.

"ఏడో పేజీలో ఉంది" అన్నాడాయన, నాలుగో పేజీ తిప్పుతూ.

ఏమడిగినా ఆయన జవాబు అదే. ప్రింటర్లో కాగితం ఇరుక్కుందా? ఏడో పేజీ. ఏసీ నీళ్లు కారుస్తోందా? ఏడో పేజీ. విడ్డూరం ఏమిటంటే, సగంసార్లు సంగతి నిజంగానే ఏడో పేజీలో ఉండేది. దానికాయన ఒక సిద్ధాంతం కూడా చెప్పేవాడు: "మొదటి ఆరు పేజీలూ మనల్ని భయపెట్టడానికి. తడి చేత్తో ముట్టుకోవద్దు, పిల్లలకు ఇవ్వొద్దు, మింగొద్దు. అసలు సంగతి ఏడో పేజీలో మొదలవుతుంది." దాంతో ఆయన పేరే ఏడోపేజీ అయిపోయింది. గేటు దగ్గర సెక్యూరిటీ కూడా "ఏడోపేజీ సారు ఇందాకే లోపలికి వెళ్లారండీ" అనేవాడు. ఆయన రాసే శీర్షిక వచ్చేది మాత్రం పదకొండో పేజీలో.

ఆయనకు సొంతంగా ఒక బ్లాగు కూడా ఉంది. పేరు 'పెట్టె విప్పాక'. అందరిలా వస్తువులకు కాదు, వాటి మాన్యువల్స్‌కు నక్షత్రాలిస్తాడు. జనం ఎగబడి కొంటున్న ఒక ఫోనుకు ఒకటిన్నర నక్షత్రం ఇచ్చాడు. "కెమెరా బాగుందంటున్నారు. కావచ్చు. పన్నెండో పేజీలో బొమ్మ తలకిందులుగా ఉంది" అని రాశాడు. అదే వారం దోమల బ్యాటుకు ఐదుకు ఐదు. కారణం: "'దీంతో వీపు గోక్కోరాదు' అని ధైర్యంగా అచ్చేశారు. మనుషుల్ని ఎరిగిన కంపెనీ." కింద ఒక పాఠకుడు దీనంగా అడిగాడు: "సార్, ఇంతకీ ఆ ఫోను కొనొచ్చా?" ఆయన జవాబు: "చదవొచ్చు."

ఏటా చివర్లో 'నాకు నచ్చిన పది' అని ఒక జాబితా పెడతాడు. వరుసగా ఐదేళ్లు మొదటి స్థానం ఒక వెబ్‌సైటుది. ఇప్పుడెవరూ తయారుచేయని యంత్రాల మాన్యువల్స్ అన్నీ అందులో దొరుకుతాయి. తన దగ్గర లేని కుట్టుమిషనుకు నూనె ఎక్కడ వెయ్యాలో భోజనం మానేసి చదువుతుండగా నేనే పట్టుకున్నాను. రెండో స్థానం తాళంచెవికి తగిలించుకునే భూతద్దం లైటుది, చీమతలకాయంత అక్షరాలు చదవడానికి. మూడోది లేబుళ్లు అచ్చేసే బుల్లి మిషను. దాంతో ఆయన తన బల్లమీదున్న ప్రతిదానికీ పేరు అంటించాడు. స్టేప్లర్ మీద 'స్టేప్లర్'. ఆ మిషను మీద కూడా 'లేబుల్ మిషను'.

"ఇదేంటయ్యా, దీని పేరు నీకు తెలీదా?" అంటే,

"నాకు తెలుసు. కనపడకపోతే వెతికిపెట్టేవాడికి తెలియొద్దూ?" అన్నాడు.

ఇంట్లో ఇంకా ఘోరం. కొత్త వాషింగ్ మెషీన్ వచ్చిన వారం రోజుల దాకా వాళ్లావిడ బట్టలు చేత్తోనే ఉతుక్కుంది. మేం పరామర్శకు వెళితే ఆవిడ నవ్వుతూనే అంది: "నయం అన్నయ్యగారూ. పెళ్లప్పుడు మా నాన్న నాతోపాటు పుస్తకం ఏమీ పంపలేదు. పంపుంటే ఈయన నాతో ఇప్పటికీ మాట్లాడేవాడు కాదు."

ఒకసారి లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల ఐదుగురం. అందరం తలుపు బాదుతుంటే ఏడోపేజీ భూతద్దం లైటు వెలిగించి గోడకున్న రేకు చదవడం మొదలుపెట్టాడు.

"మొదటి సూచన, కంగారు పడరాదు."

"రెండోది చదవండి మహాప్రభో!" అని అరిచింది అకౌంట్స్ మేడమ్.

"ముందు మొదటిది పూర్తిచెయ్యండి. మీరింకా కంగారు పడుతూనే ఉన్నారు."

ఆవిడ ఆ కోపంలో కంగారు సంగతి మరిచిపోయింది. ఈలోగా లిఫ్టు దానంతట అదే కదిలింది. కదిలిందన్న ఆనందం ఆయనకు లేదు. చివరి రెండు సూచనలూ మిగిలిపోయాయని మళ్లీ ఎక్కి మూడో అంతస్తు దాకా వెళ్లొచ్చాడు.

మా ఆఫీసులో ఏదైనా సరే చివరి అక్షరం దాకా చదివే మనిషి ఇంకొకరే ఉన్నారు. ప్రూఫ్ అక్క. ఇరవై ఆరేళ్లుగా ఎర్ర బాల్‌పెన్నుతో మా తప్పులన్నీ దిద్దుతున్న మనిషి. ఎడిటర్ గారి సంపాదకీయం కూడా ఆవిడ బల్ల మీంచి వచ్చేసరికి గోరింటాకు పెట్టుకున్నట్టు ఉండేది. కెటిల్ వచ్చిన రోజు ఏడోపేజీ చదవడం ముగించి "రెండు గీతల్లో పై గీత" అని ప్రకటించగానే అక్క కళ్లజోడు పైకి తోసి కెటిల్లోకి తొంగిచూసింది.

"గీతలు మూడున్నాయి నాయనా."

"మాన్యువల్లో రెండే అక్కా."

"నువ్వు పుస్తకం చూశావు. నేను కెటిల్ చూశాను. వస్తువు పక్కన పెట్టుకోకుండా ప్రూఫ్ దిద్దితే ఇలాగే ఉంటుంది." అని, ఎర్రపెన్నుతో మాన్యువల్లో 'రెండు' కొట్టేసి 'మూడు' అని రాసింది. ఏడోపేజీ ఆ కాగితాన్ని ప్రశంసాపత్రంలా గోడకు అంటించుకున్నాడు.

ఆ తర్వాత మూడు నెలలకు యాజమాన్యం నుంచి నోటీసు వచ్చింది. వచ్చే నెల నుంచి కాగితం మీద ప్రూఫ్ లేదు. అంతా కంప్యూటర్లో, ఇంటర్నెట్లో తెరుచుకునే కొత్త టూల్ మీదే. ఇరవై ఎనిమిదో తేదీన పరీక్ష. నెగ్గనివాళ్లు స్వచ్ఛంద విరమణ ఫారం నింపి ఇవ్వొచ్చు. 'స్వచ్ఛంద' అన్న మాటకు అక్క ఎర్రపెన్నుతో కింద గీత గీసింది. తర్వాత వెళ్లి ఫారం తెచ్చుకుంది.

శిక్షణ ఇవ్వడానికి ఆ టూల్ తయారుచేసిన కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. గంటన్నరలో తెర మీద ఏవేవో గబగబా నొక్కి చూపించి "డౌట్సా?" అంది. ఏడోపేజీ చెయ్యెత్తాడు.

"మాన్యువల్ ఏదండీ?"

"మాన్యువల్ ఎందుకు సార్? చూస్తే తెలిసిపోతుంది!"

ఆ మాటకు ఆయన మొహం చూస్తే ఎవరో దగ్గరివాళ్లు పోయారనుకుంటారు.

అక్క ఒకటి రెండుసార్లు మౌసు పట్టుకుంది. బాణం గుర్తు తెర అంచుదాకా పోయి కనబడకుండా పోయింది. "పేపరు మీద తప్పు నన్ను పిలుస్తుంది. ఈ గాజు మీద నేనెంత పిలిచినా పలకదు" అని కళ్లజోడు తీసి తుడుచుకుంది. మర్నాటికి ఫారం నిండిపోయి బల్ల మీద పేపర్‌వెయిట్ కింద కనిపించింది. సంతకం ఒక్కటే బాకీ. నేర్పిస్తామని నలుగురం వెళ్లాం. "మీ పనులు మీకు లేవా? వెళ్లండి" అని కసిరింది. ఇరవై ఆరేళ్లు అందరికీ తప్పులు చూపించిన మనిషి, తన తప్పు ఇంకొకరు చూపిస్తే కూర్చుని వింటుందా?

ఏడోపేజీ మాత్రం ఆ ఛాయలకే పోలేదు. పదకొండు రోజులు బ్లాగు కూడా మానేసి ఏదో రాసుకున్నాడు. పన్నెండో రోజు నలభై మూడు పేజీల కట్ట తెచ్చి అక్క ముందు పెట్టాడు.

"ఆ టూలుకి మాన్యువల్ లేదట అక్కా. దారుణం కదూ? నేనే రాశాను. బ్లాగులో పెట్టాలి. కాస్త ప్రూఫ్ చూసిపెట్టండి."

నాకు ఒళ్లు మండింది. పక్కకు లాగి అడిగాను. "బుద్ధుందా? ఆవిడ ఉద్యోగం పోతుంటే నీ పుస్తకం గొడవేంటి?"

"అచ్చుతప్పులుంటే పరువు పోతుందయ్యా" అన్నాడు. ఆయన మీద మాకున్న అభిమానం ఆ వారం సగానికి పడిపోయింది.

అక్క కాదనలేదు. కాగితం మీదున్నది ఏదైనా ఆవిడ కాదనలేదు. మూడో పేజీలోనే కేక వినిపించింది.

"ఒరేయ్ నాయనా, ఇలా రా! ఆకుపచ్చ బటన్ ఎడమవైపు ఉందని రాశావు. ఉందా?"

"ఉండే ఉంటుందక్కా."

"ఉండే ఉంటుందేమిటి? వస్తువు చూడకుండా నేనెలా దిద్దను? తెరువు దాన్ని!"

తెరిచిపెట్టి ఏడోపేజీ మెల్లగా జారుకున్నాడు. అక్క వేలుపెట్టి తెరంతా వెతికింది. ఆకుపచ్చ బటన్ కుడివైపు ఉంది. నొక్కితే ఏమవుతుందని రాశాడో అది అవుతుందో లేదోనని నొక్కింది. అవలేదు. అదొక తప్పు. మరి దేన్ని నొక్కితే అవుతుంది? వెతికింది. దొరికింది. రాసుకుంది.

ఆ వారమంతా మా ఆఫీసులో తిట్లు తప్ప ఇంకేం వినపడలేదు. "వ్యాఖ్య రాసే చోటు కింద కాదు, పక్కన! కళ్లున్నాయా నీకు?" "పేజీ పెద్దది చెయ్యడానికి మైనస్ గుర్తా? మీ ఆవిడ నిన్నెలా భరిస్తోందయ్యా?" "దిద్దాక నీలం బటన్ నొక్కమన్నావు, నొక్కితే దిద్దినదంతా పోయింది! మూడుసార్లు పోయింది!" బాణం గుర్తు తెర అంచు దాటి పారిపోవడం ఎప్పుడు మానేసిందో అక్క గమనించలేదు. మేమూ గమనించలేదు. అంత కోపం ముందు పారిపోయే ధైర్యం ఏ బాణానికుంటుంది?

ఇరవై ఎనిమిదో తేదీన ట్రైనింగ్ మేడమ్ ఒక్కొక్కరికీ నలభై నిమిషాల గడువిచ్చింది. నేను ముప్పైతొమ్మిది నిమిషాలకు చెమటలు కక్కుతూ బయటపడ్డాను. అక్క పదహారు నిమిషాలకు లేచింది.

"అయిపోయిందాండీ?" అంది మేడమ్ నమ్మలేక.

"మీరిచ్చిన పేజీలో తప్పులు దిద్దాను. మీ ప్రశ్నపత్రంలో కూడా రెండున్నాయి, అవీ దిద్దాను. 'పరీక్ష'లో 'క' కింద 'ష' ఒత్తు ఎగిరిపోయింది, చూసుకోమ్మా."

మేడమ్ తెర చూసింది, అక్కను చూసింది. మళ్లీ తెర చూసింది. తర్వాత కుర్చీ జరుపుకుని, ఆ పేజీని అంత త్వరగా పెద్దది ఎలా చేశారని అక్కనే అడిగింది.

అక్క నెగ్గినందుకు మిఠాయి పంచడానికి కాగితం పళ్లాలు కావాలని ఏడోపేజీ సొరుగు లాగాను. ఆయన బల్ల మీద ప్రతిదానికీ పేరుందని చెప్పానుగా, సొరుగులోనూ అంతే. పళ్లాల పక్కన ఒక కవరు, దాని మీద నీటైన లేబుల్: 'కావాలని చేసిన తప్పులు - 32.' లోపల పేజీ నంబర్లతో సహా పట్టీ.

కవరు పట్టుకుని నేరుగా అక్క దగ్గరికి వెళ్లాను. ఏడోపేజీ నా వెనకే పరుగెత్తుకొచ్చాడు, చెవులు ఎర్రబడిపోయి.

అక్క పట్టీ అంతా చదివింది. చివరి దాకా. తర్వాత తన పట్టీ తీసి పక్కన పెట్టింది. దొరికిన తప్పులన్నీ వరుసగా రాసుకుంది అందులో. కాగితం తిప్పి చూస్తే అది ఆ విరమణ ఫారం. వెనకవైపు ఖాళీగా ఉందని వాడేసుకుంది.

"అక్కా, మీకు ముందే తెలుసా?" అన్నాడు ఏడోపేజీ.

"ఐదో తప్పు దగ్గరే తెలిసింది. కుడి ఎడమలు తెలియనివాడు రోజూ ఆఫీసుకు ఎలా వస్తున్నాడు?"

"మరి అన్ని తిట్లెందుకు తిట్టారు?"

"అంతమంది తిడుతుంటేనే నువ్వు మారలేదు. నా వంతు నేను వదులుకోనా?" అని, ఎర్రపెన్ను మూత తీసి ఆయన కవరు మీద '32' కొట్టేసి '33' అని రాసింది.

"ముప్పైరెండే అక్కా! నా దగ్గర లెక్కుంది. రెండుసార్లు సరిచూసుకున్నాను."

"ముప్పైమూడు."

"ఎక్కడ? ఎక్కడుందో చూపించండి!"

అక్క మిఠాయి ముక్క నోట్లో వేసుకుని, తాపీగా నమిలి, మింగి అప్పుడు చెప్పింది.

"ఏడో పేజీలో ఉంది."

ఆయన తను రాసిన మాన్యువల్ గబగబా తిప్పాడు. 'పైన మూలన రెండు గీతల గుర్తు నొక్కితే మెనూ వస్తుంది.' తెర వైపు చూశాడు. గీతలు మూడున్నాయి.

ఆ సాయంత్రం బ్లాగులో కొత్త మాన్యువల్ వచ్చింది, దాని కిందే ఆయన సమీక్ష కూడా. తన పుస్తకానికి తానే నాలుగు నక్షత్రాలు ఇచ్చుకున్నాడు. ఒకటి కోత.