తట్టెడు మట్టి వేశాకే విస్తరి

మొన్న వికారాబాద్‌లో మా వీధిలోనే ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. గుమ్మం దగ్గర కవరు అందుకున్నారు, ఫొటో తీశారు, నిలబడి తినమన్నారు, వచ్చేటప్పుడు చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టి దండం పెట్టారు. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, నేను వెళ్ళినందుకు ఆ ఇంట్లో ఏం మిగిలిందబ్బా అనుకున్నాను. తప్పు పట్టడం లేదు, ఇప్పుడు అందరం అలాగే చేస్తున్నాం. కానీ నాకు మా మామగారి ఇల్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ ఇంటికి చుట్టంగా వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే, తట్టెడు మట్టి మోయనిదే విస్తరి ముందు కూర్చోవడానికి లేదు. మీరు నమ్మకపోవచ్చు గానీ, నా ఈడువాళ్ళలో తాండూరు వైపు చుట్టరికాలు ఉన్నవాళ్ళు కొందరైనా నమ్ముతారు. వాళ్ళలో ఒకరిద్దరి నెత్తి మీదికి నేనే తట్ట ఎత్తి ఉంటాను.

మా అత్తగారి ఊరు తాండూరు దాటాక, కర్ణాటక సరిహద్దుకు దగ్గర. వీధిలో సగం మంది కన్నడం మాట్లాడేవాళ్ళు, మిగతా సగం మంది తెలుగులోనే కన్నడం కలిపి మాట్లాడేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో ఎవరు నన్ను మెచ్చుకుంటున్నారో, ఎవరు తిడుతున్నారో తెలియక అందరికీ నవ్వుతూ తలూపేదాన్ని. అక్కడిది నల్లరేగడి నేల, దాని కింద పలకలు పలకలుగా బండ. మన ఇళ్ళలో పరుచుకున్న తాండూరు బండలన్నీ అలాంటి చేన్ల కిందినుంచి వచ్చినవే. పైనున్న మట్టిని ఉంచుకొని కంది విత్తుకోవాలా, మట్టిని తోసేసి బండ తీసి అమ్ముకోవాలా అన్నది అక్కడ ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు తేల్చుకోవలసిన సంగతి.

మా మామ వయసులో ఉండగా ఇల్లు కట్టుకున్నాడు. సొంత చేనులో బండే సొంత ఇంట్లో పరవాలని ఆయనకు ఒకటే పట్టుదల, నలుగురికీ చెప్పుకోవచ్చని. చేను మూలన ఒక ముక్కను బండలు తీసేవాళ్ళకు అప్పగించి, పని కాగానే మట్టి మళ్ళీ పూడుస్తామన్న వాళ్ళ మాట నమ్మి, తాను గోడల దగ్గర నిలబడిపోయాడు. వాళ్ళు నల్లమట్టిని తోడి గట్టున పోసి, పనికిరాని రాతి ముక్కలన్నిటినీ తీసుకొచ్చి దాని మీదే పోశారు. ఇల్లు లేచింది, నేల మెరిసింది, వాళ్ళు వెళ్ళిపోయారు, మంచి మట్టి మాత్రం రాళ్ళగుట్ట కింద పడి ఉండిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచీ కంది విత్తిన మనిషి, మట్టిని రాళ్ళకు దూరంగా పోయండని చెప్పడం మరిచిపోయాడు. బండ మీద మోజు అలా కళ్ళు కప్పేసింది. ఆ గుంతను చూసినప్పుడల్లా ఆయన మొహం మాడిపోయేదని మా అత్త చెప్పేది.

అప్పుడు పట్టుకున్నాడు తట్ట. ఆ గుంతలో మళ్ళీ కంది పూయాలి, పూసేదాకా తాను పోయేది లేదని అందరి ముందూ అన్నాడట. ముందు రాళ్ళన్నీ గుంతలోకి దొర్లించాలి, వాటి కిందున్న మట్టిని ఏరి పైన వేయాలి, చాలనిదానికి ఎండాకాలంలో కాగ్నా వాగు ఒడ్డు నుంచి ఎడ్లబండి మీద ఒండ్రుమట్టి తేవాలి. విత్తనాలూ కోతలూ అయ్యాక మిగిలిన పొద్దంతా ఇదే. ఇంటికి చుట్టాలు వస్తే వాళ్ళను చేను దగ్గరికి తీసుకుపోయేవాడు, తానొక తట్ట నింపుకొని వాళ్ళకొక తట్ట అందించేవాడు, నోటితో ఇది చెయ్యమని ఎన్నడూ అనేవాడు కాదు. తిరిగి వచ్చాక తానే వాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోసి, తానే దగ్గరుండి కొసరి కొసరి వడ్డించేవాడు. అలా వడ్డించే మనిషి మీద కోపం ఎలా నిలుస్తుంది చెప్పండి.

నాకు మాత్రం మొదటి రోజు నిలిచింది. నేను మోమిన్‌పేట్ పిల్లను, నలుగురు అన్నదమ్ముల మధ్య గారాబంగా పెరిగినదాన్ని. అత్తవారింటికి వచ్చిన మర్నాడు, కాళ్ళ పారాణి ఇంకా ఎర్రగా ఉండగానే, మా అత్త నా నెత్తి మీద చుట్టబట్ట పెట్టింది. ఏదో మురిపానికి అనుకున్నాను, తట్ట ఎత్తేదాకా నిజమని తెలియలేదు. నన్ను కోడలిగా తెచ్చుకున్నారా కూలికి తెచ్చుకున్నారా అని ఆ సాయంత్రం మా ఆయన్ని నిలదీస్తే, తాను నడక వచ్చినప్పటి నుంచీ మోస్తున్నానని ఆయన తలవంచుకొని చెప్పాడు.

అసలు రభస మా నాన్న వచ్చినప్పుడు జరిగింది. తెల్లటి ధోవతి మీద చుక్క పడినా సహించని మనిషి. ఆయన చేతికి తట్ట అందేసరికి మొహం ఎర్రబడింది, వియ్యంకుడిని పిలిచి మట్టి మోయిస్తారా అని చేనులోనే గొడవపడి, చెప్పులు వేసుకొని బస్సు వైపు నడిచాడు. మా మామ కోపం తెచ్చుకోలేదు, వెంట వెళ్ళి, ఆయన తట్ట తాను వేస్తానని, వచ్చి కడుపునిండా తినమని బతిమాలి తీసుకొచ్చాడు. అన్నట్టుగానే మా నాన్న పేరు చెప్పి తట్ట వేసి వచ్చాడు. మా నాన్న అన్నం తిన్నాడు గానీ తల ఎత్తలేదు. మళ్ళీ వచ్చినప్పుడు మోమిన్‌పేట్ నుంచి బస్సు మీద వేసుకొని సంచెడు ఎర్రమట్టి తెచ్చాడు, సొంత చేనుది. నల్లటి చేనులో ఎర్రమట్టేమిటని ఊరంతా నవ్వింది. మా మామ మాత్రం ఆ సంచిని తానే భుజాన వేసుకొని పోయి గుంతలో కుమ్మరించి వచ్చాడు. మా నాన్నను ఆయన తర్వాత ఎప్పుడు తలుచుకున్నా, మా ఎర్రమట్టి బావ అనేవాడు.

మా ఆయనకు వికారాబాద్‌లో ఉద్యోగం కావడంతో మేము అక్కడే ఉన్నాం. సెలవు దొరికితే రైలెక్కి, ధారూర్ దాటగానే నేను చీర కుచ్చిళ్ళు బిగించుకునేదాన్ని, దిగాక ఏం పనో తెలుసు కాబట్టి. పిల్లలు పుట్టారు, వాళ్ళకు చిన్న బుట్టలు వచ్చాయి. అత్త పోయింది. మామ నడుము వంగింది గానీ తట్ట దిగలేదు. చుట్టూ చేన్లు ఒక్కొక్కటీ గనులయ్యాయి, మా చేను వాటి మధ్య పచ్చగా మిగిలింది. చివరికి మా మరిది ఒక రోజు గని నడిపేవాళ్ళను వెంటబెట్టుకొని వచ్చాడు. వాడిదీ తప్పు కాదు, ఆ ఊళ్ళోనే ఉండి సేద్యం చేస్తున్నది వాడు, రెండేళ్ళు వరుసగా పంట పోయి ఉంది. చేనంతా ఇచ్చేద్దామని వాడు, పెద్దకోడలిగా నన్నూ ఒక మాట చెప్పమని మిగతావాళ్ళు. అందరి కళ్ళూ నా మీదున్నాయి. నేను నోరు విప్పకముందే మామ చిన్నగా అన్నాడు.

"ఒక్క మూల గుంత నింపనీకే నా పానం సగం అయిపాయె బిడ్డా. చేనంత గుంతైతే దాన్ని నింపనీకి ఎవలున్నరు?"

వచ్చినవాళ్ళు టీ తాగి లేచారు. మరిది నెల రోజులు తండ్రితో మాట్లాడలేదు.

గుంత నిండింది. నిండిన ఏడు తొలకరికి మామ తానే కంది విత్తాడు, మొలకలు జానెడు లేచాయి, అందరం సంబరపడ్డాం. అంతలో ముసురు పట్టింది. చుట్టూ బండ, అడుగున బండ, పడిన నీరు ఎటూ పోలేక కుండలో నిలిచినట్టు నిలిచింది. కందికి కాళ్ళ కింద నీళ్ళు నిలిస్తే బతుకు లేదు, మొక్కలన్నీ పసుపెక్కి పడిపోయాయి. ఇన్నేళ్ళ చాకిరీ ఒక్క ముసురుకు కుళ్ళిపోయిందని నేను గట్టున కూర్చొని ఏడ్చేశాను. ఆయన వయసు అప్పటికి తొంభై దాటింది, మళ్ళీ విత్తే బలం ఎక్కడిది, ఇక ఆయన మాట చెల్లదేమోనని నా దుఃఖం.

మర్నాడు వాన వెలిసేసరికి మామ గడ్డపారతో గుంత అంచున ఉన్నాడు. వాగు వైపు వాలు చూసుకొని బండను తొలుస్తున్నాడు, నీరు పోవడానికి దారి చేయాలట. గడ్డపార ఎత్తితే మనిషే ఊగిపోతున్నాడు. నేను పోయి లాక్కున్నాను. నా చేతిలోంచి మా ఆయన తీసుకున్నాడు. మధ్యాహ్నానికి మా మరిది వచ్చాడు, ఎవరినీ పలకరించకుండా, పలుగు వెంట తెచ్చుకొని. ఆ కాలువ తవ్వడానికి ఎండాకాలం దాకా పట్టింది. నా అరచేతుల్లో బొబ్బలు చూసి మామ, మోమిన్‌పేట్ గారాబం ఇప్పటికి దిగిందని ఆటపట్టించాడు.

మరుసటి ఏడు కంది నిలిచింది. చలి మొదలయ్యేసరికి ఆ మూలంతా పసుపు పూత. మామను చెయ్యి పట్టి నడిపించుకొని పోయాం. ఆయన ఒక కొమ్మను వంచి చూసి వదిలేశాడు. తర్వాత పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టి పెడితే, పళ్ళు లేని నోటితో నములుతూ కూర్చున్నాడు. ఇక ఆయనకు చేయడానికేముంది, హాయిగా మంచం మీద ఉంటాడనుకున్నాం.

రెండో రోజే మంచం ఖాళీ. వెతుక్కుంటూ పోతే పక్క చేను దగ్గర ఉన్నాడు. ఆ చేను ఆసామి బండంతా అమ్ముకొని ఎప్పుడో తాండూరు వెళ్ళిపోయాడు, మిగిలింది ఏనుగులు దిగేంత గొయ్యి. మామ దాని అంచున నిలబడి తట్టతో రాళ్ళు వేస్తున్నాడు. మనది కాని గుంతతో మనకేమిటని నాకు నిజంగానే కోపం వచ్చింది, అరిచాను కూడా. ఆయన తట్ట దించి నన్ను చూశాడు.

"పక్కపొంటి గుంత నోరు తెరుసుకొని ఉంటె, మనది నిండినట్టెట్లయితది బిడ్డా?"

మరో రెండేళ్ళు వేశాడు. ఒక పగటిపూట అన్నం తిని, నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు.

పదకొండో రోజున చుట్టాలంతా వచ్చారు. విస్తర్లు వేశాం, వడ్డించడానికి కందిపప్పు గిన్నె పట్టుకొని నేను నిలబడ్డాను. ఎవరూ కూర్చోరు. పిలుస్తున్నా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు తప్ప కదలరు. అప్పుడు మా మరిది దొడ్లోకి పోయి తట్ట తీసుకొని చేను వైపు నడిచాడు. వాడి వెనక అల్లుళ్ళు, వియ్యంకులు, కొత్తకోడళ్ళు, అంతా వరుసగా. పప్పు చల్లారిపోయింది, ఆ రోజు ఎవరూ దాన్ని తప్పనలేదు.

ఇప్పుడు చుట్టాలు కార్లలో వస్తారు, వీలు చూసుకొని గంటలో వెళ్ళిపోతారు, వెళ్ళేటప్పుడు మన చేని పప్పు రెండు కిలోలు కట్టమని అడుగుతారు, సంతోషంగానే కడతాం. మట్టి సంగతి మేము ఎత్తము, మామకున్న మొండితనం మాకు లేదు. మిషన్లు వచ్చాక ఆయన ఏళ్ళ తరబడి నింపినంత గుంత ఒక్క రోజులో పడుతోంది. అయినా నెలకోసారి రైలెక్కుతున్నాను. మా మరిదీ నేనూ, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే, పక్కచేని గుంతలో చేతనైనన్ని తట్టలు వేసి వస్తున్నాం. అది మా కాలంలో నిండదని మాకు తెలుసు. ఆయనకు మాత్రం తెలియదా?