కెమెరాకు అడ్డం రావద్దన్న పద్మక్క

ఈ పొద్దున షాపు షట్టరు ఎత్తేటప్పుడు చెమట చేతికి తాళంచెవుల ఇనుప వాసన అంటుకుంది. సబ్బుతో కడిగినా పోలేదు. ఆ వాసన తగిలితే నాకు పద్మక్క గుర్తుకొస్తుంది. మచ్చ బొల్లారంలో నాకు కుట్టుపని నేర్పిన యజమానురాలు. కొలత తప్పితే బట్ట మొహాన విసిరేది, మరుక్షణమే టీ తెప్పించేది. ఆమెకు మూర్ఛ. కుడుతూ కుడుతూ ఆగిపోయి, చూపు నిలిచిపోయి, పెదవులు చప్పరించేది. ఒక్కోసారి పక్కకు ఒరిగి కాళ్లూ చేతులూ కొట్టుకునేది. ఎవరో ఒకరు పరుగున వచ్చి గుప్పిట్లో తాళంచెవులు కుక్కేవారు. తేరుకున్నాక అరచేతిలో పడ్డ అచ్చులు చూసుకుని, "గీ తాళాలతోని నా మెదడు తెరుస్తరా ఏంది?" అనేది.

మందులు ఎన్ని మార్చినా పట్టలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, సిటీలో ఒక పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆపరేషన్ మాట ఎత్తింది. మూర్ఛ మెదడులో ఒకేచోట మొదలవుతుంటే, ఆ చోటు తీసినా మాటకూ కదలికకూ ముప్పు లేదనుకుంటే, ఆ కాస్త భాగం తీసేయవచ్చునట. చోటు తేలకపోతే ఆపరేషన్ లేదు. తేలాలంటే తలకు వైర్లు అంటించుకుని, మాత్రలు తగ్గించుకుని, కెమెరా ముందు పడుకుని, మూర్ఛ వచ్చేదాకా కాచుకోవాలి. అన్నేళ్లూ రావద్దని మొక్కినదాన్ని రమ్మని ఎదురుచూడటం నాకు భయం పుట్టించింది.

ఆమె తల్లి నర్సవ్వా, నేనూ తోడు వెళ్లాం. మూర్ఛ రాగానే నర్సవ్వ ఒక్క ఉదుటున బిడ్డ మీద పడింది. తాళంచెవులు పట్టించి, బట్టలు చెదిరాయని కొంగు కప్పేసింది. వైర్లు ఊడిపోయాయి. రికార్డులో నర్సవ్వ వీపు తప్ప ఏమీ కనబడలేదు. మళ్లీ ఇంకొకటి వచ్చేదాకా ఆగాలన్నారు.

తేరుకున్నాక పద్మక్క నన్ను దగ్గరికి పిలిచింది.

"ఈసారి ఎవ్వర్నీ నా మీదికి రానియ్యకు. నర్సు జెప్పినట్టు మంచం కాడి బటన్ నొక్కు, మాటొస్తదో లేదో నా పేరడుగు, పక్కకు జరుగు. గంతే."

"నువ్వు కొట్టుకుంటుంటే సూస్కుంట నిలవడాల్నా అక్కా?"

"నిలవడు. నేను పడ్డప్పుడల్లా అందరు వాళ్లకు తోచింది జేసిన్రు. ఏం జెయ్యాలె అని నన్ను ఒక్కలు అడగలే."

మర్నాడు మధ్యాహ్నం నర్సవ్వ అన్నం కలుపుతుండగా పద్మక్క మాట మధ్యలో ఆగిపోయింది. బటన్ నొక్కాను. "అక్కా, నీ పేరేంది?" పెదవులు కదిలాయి, మాట రాలేదు. చేయి వంకర తిరిగింది. నర్సవ్వ లేచింది. నడుము చుట్టూ చేతులు వేసి ఆమెను గోడకు అదిమిపట్టాను. "ఇడువే, నా బిడ్డ సస్తాంది" అంటూ నా చేతులు గీరింది. ఏడుస్తూనే పట్టుకున్నాను. నర్సు వచ్చి పద్మక్కను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. కెమెరాకు ఎవరూ అడ్డం లేరు.

చోటు తేలింది. పేర్లు గుర్తుకు రాక తడుముకోవాల్సి రావచ్చని డాక్టరమ్మ హెచ్చరించినా పద్మక్క ఒప్పుకుంది. ఆపరేషన్ తర్వాత మాత్రలు సాగాయి, మూర్ఛలు ఆగిపోయాయి. చెప్పినట్టే పేర్లు తప్పించుకునేవి. నన్ను కొన్నాళ్లు "ఓ పిల్లా" అనే పిలిచింది.

ఒకరోజు వాళ్లింటికి వెళితే నర్సవ్వ స్నానాలగది ముందు కూర్చుని ఏడుస్తోంది. అన్నేళ్లూ పద్మక్క తలుపు ఊరికే దగ్గరికి వేసుకుంటే, తల్లి అక్కడే కాపలా ఉండేది.

"లోపట గొళ్లెం పెట్టుకున్నది" అంది నర్సవ్వ. "ఇగ నేనేం జెయ్యాలె?"

ఆమె పక్కన కూర్చున్నాను. లోపల నీళ్ల చప్పుడు వింటూ ఇద్దరం తలుపు తట్టకుండా ఉండిపోయాం.

ఇప్పుడు మా అమ్మాయి అలిగి గదిలో గొళ్లెం పెట్టుకుంటే నా చేయి తలుపు మీదికి లేస్తుంది. దించుకుని బయట కూర్చుంటాను. నాకు చాలా కష్టంగానే ఉంటుంది.