వాపస్ వచ్చిన సముద్రం

మణుగూరు నుంచి ఖమ్మం వచ్చే బస్సులో, ఎండవేళ, నా పక్కన టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన ఒళ్ళో పెద్ద పటం ఉంది. అడవి రోడ్డు కుదుపులకు చుట్టిన కాగితం చిరిగి, లోపలి సముద్రం బయటపడింది.

"మా బిడ్డ గీసింది సార్," అన్నాడు. "లాడ్జిల పెడతమని గీయించుకున్నరు. ఇయ్యాల వాపస్ ఇచ్చిండ్రు. పడవ లేదు, పొద్దు లేదు, ఉత్త ఇసుకేంది అన్నరు. ఇంటికి పోయి బిడ్డకు ఏం చెప్పాల్నో సమజైతలేదు."

నాకు మాట్లాడే ఓపిక లేదు. బాగుందని చెప్పేసి కళ్ళు మూసుకుందామనుకున్నాను. కానీ చూపు బొమ్మ మీదే ఆగిపోయింది. అల అప్పుడే వెనక్కి పోయిన ఇసుక. ఆ తడి మీద మబ్బు పట్టిన ఆకాశపు మసక వెలుగు. చాలాసేపు చూశాను.

"ఈ తడి ఇసుక చూస్తుంటే చెప్పులు విడిచి నడవాలనిపిస్తోంది," అన్నాను.

ఆయన పూర్తిగా నా వైపు తిరిగాడు. "ఇంకోపారి చెప్పుండ్రి సార్. బిడ్డకు గట్లనే చెప్పాలె."

మళ్ళీ చెప్పాను. ఆయన పటానికి తల ఆనించి కళ్ళు మూసుకుంటే నిద్రపోయాడనుకున్నాను. ఖమ్మం దగ్గరపడుతుండగా ఆయన గొంతు మెల్లగా వినిపించింది. "తడి ఇసుక చూస్తుంటే... చెప్పులు విడిచి..." అని తనలో తానే వల్లె వేసుకుంటున్నాడు.