నాలుగు నిలువుల లోతు

ఐదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పెద్దదేం కాదు. అరచేతిలో పట్టే కెమెరా అంత. ఆ కెమెరా ఇప్పుడు ఎక్కడుందో కూడా నాకు తెలియదు. బరువు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇలాంటి మాట చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి పరిచయం దొరకదు.

చేవెళ్లలో నాకొక ఫోటో స్టూడియో ఉంది. డిగ్రీలో చదివింది భౌతికశాస్త్రం. పెళ్లి వీడియోల్లో వధూవరుల మీద గులాబీరేకులు రాల్చడానికి అది బాగానే పనికొచ్చింది. చుట్టుపక్కల ఎవరు కెమెరా కొనాలన్నా నన్నే అడిగేవారు. ముడిమ్యాల ఊరి నర్సింలన్న కూడా అలాగే వచ్చాడు.

ఆయన వ్యవసాయ బావుల్లో మునిగేవాడు. తాడు తెగి మోటరు నీళ్లలో పడితే ఆయనకే కబురు వెళ్లేది. ఒక్క ఊపిరితో అడుగుకు దిగి, మోటరుకు తాడు కట్టి పైకి వచ్చేవాడు. లోతును నిలువుల్లో చెప్పేవాడు. నిలువంటే చెయ్యి పైకెత్తి నిలబడ్డ మనిషంత. ఆ మనిషి ఆయనే కాబట్టి, సుమారు ఏడడుగులు. బావి గోడ రాళ్లు తడుముకుంటూ, లోపల లెక్కపెట్టుకుంటూ దిగేవాడు. పైకొచ్చి మూడున్నర అన్నాడంటే, తర్వాత ఎవరు తాడు వేసి చూసినా మూడున్నరే.

చేతికో ఫోన్ వచ్చాక జనానికి మాట చాలలేదు. కింద రాయి పడింది, మోటరు దాని కింద ఇరుక్కుంది అని ఆయన చెబితే, వీడియో ఏదని అడగసాగారు. అందుకే ఆయనకు కెమెరా కావాల్సి వచ్చింది. చీకటి నీళ్లలో కనబడాలి, లోపలికి నీళ్లు పోకూడదు. అడిగింది అంతే.

వారం రోజులు వెతికాను. చివరికి రెండు మిగిలాయి. ఒకటి కాస్త లావు. చీకట్లో బాగా చూస్తుంది, పైన తొడగడానికి గట్టి నీళ్ల డబ్బా వస్తుంది. రెండోది సన్నది. బండికి బిగిస్తే గుంతల రోడ్డు కూడా నున్నగా కనిపిస్తుంది. మా రోడ్లను ఎరిగినవాళ్లకు అదెంత ఘనతో తెలుసు. ఆయనకు బావి ఉంది. నాకు కొత్త బైకు ఉంది. రెండోదే మేలన్నాను.

దీనికి డబ్బా అక్కర్లేదా అని అడిగాడు. ముప్పై మూడు అడుగుల దాకా డబ్బా లేకుండానే తట్టుకుంటుందన్నాను. అది నిజమే. నిజాన్ని కూడా స్వార్థానికి వాడుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. తన సొమ్ముతో, నా మాట మీద కొన్నాడు.

ఆ ఆదివారం, సెట్టింగులు సరిచేసి ఇస్తానని దగ్గర ఉంచుకుని, అనంతగిరి గుట్టల దాకా బండి మీద వెళ్లొచ్చాను. దారిలో టీ కొట్టు దగ్గర కెమెరా పక్క మూత తీసి చార్జింగ్ పెట్టాను. ఆ మూతకు లోపల సన్నటి రబ్బరు అంచు ఉంటుంది. మూసేముందు తుడవాలి. దుమ్ము నలుసున్నా నీళ్లు లోపలికి పోతాయి. ఈ ముక్క నర్సింలన్నకు రెండుసార్లు చెప్పినవాణ్ని నేనే. తుడవకుండా మూశాను. గుట్టల వీడియో మాత్రం చాలా బాగా వచ్చింది.

రెండు రోజుల తర్వాత ఆలూరులో ఒక ఆసామి బావి. కింద రాయి ఉంది, క్రేన్ కావాలని నర్సింలన్న ముందే చెప్పాడు. ఆసామి నమ్మలేదు. నర్సింలన్న కెమెరా నుదుటికి కట్టుకుని దిగాడు. నేను గట్టు మీద ఉన్నాను. ఆయన పైకి వచ్చేసరికి కెమెరా చచ్చిపోయి ఉంది.

"కెమెరా మునిగింది సరే, నువ్వు మునిగినవో లేదో దేవునికెరుక," అన్నాడు ఆసామి. అందరూ నవ్వారు.

చూసి చెప్తానని కెమెరా తీసుకుని మోటరు గది వెనక్కి వెళ్లాను. మూత తీశాను. రబ్బరు మీద ఎర్రమట్టి, వెంట్రుకంత గీత. బొటనవేలితో తుడిచేశాను. కంగారులో చేశానా? లేదు. నిదానంగానే తుడిచాను. తుడవాల్సిన రోజున ఆ శ్రద్ధ ఎక్కడికి పోయిందో.

తిరిగొచ్చి అడిగాను. "ఎన్ని నిలువులు దిగినవన్న?"

"నాలుగు."

"నాలుగంటే ఇరవై ఎనిమిది అడుగులే గదా, దీనికేం కాదే. జర ఎక్కువనే పోయినట్టున్నవ్."

"నాలుగే తమ్మీ. నేను తడుముకుంటనే దిగిన."

"వయసు మీద పడుతున్నది గదన్నా. లెక్క తప్పుంటది. కెమెరాకైతే అబద్ధమాడుడు రాదు."

నవ్వుతూనే అన్నాను. ఆయన బావిలోకి చూశాడు.

"సదువుకున్నోనివి. నువ్వంటున్నవంటే తప్పే ఉంటది."

తాడు వేసి కొలుద్దామని ఆయన అనలేదు. అని ఉంటే నేనేం చేసేవాణ్ని? ఇంకో జోకు వేసేవాణ్నేమో.

తర్వాత క్రేన్ వచ్చింది. రాయి వచ్చింది, దాని కింది నుంచి మోటరూ వచ్చింది. నర్సింలన్న చెప్పింది నిజమేనని ఊరంతా ఒప్పుకుంది. కానీ లెక్క మాట ఊరికి తెలియదు. అది మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. ఆ తర్వాతి బావిలో ఆయన సగం దాకా దిగి తిరిగొచ్చాడు. గోడ రాయి తడుముతుంటే అనుమానం వచ్చిందట, రెండు నిలువులా, రెండున్నరా అని. ఒక్క ఊపిరిలో చేసే పనిలో అనుమానానికి చోటుండదు. ఇంకో రెండు బావులు చూసి, ఆ ఎండాకాలంలోనే మానేశాడు.

ఇప్పుడు మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో ఈతకొలను చూసుకుంటాడు. పోయిన నెల ఒక పెళ్లిజంట ఫోటోలకని వెళితే కనిపించాడు. చాయ్ తెప్పించాడు. కొలను అంచున నాలుగున్నర అడుగులని పెయింటుతో రాసి ఉంది. ఇక్కడ ఫికర్ లేదు తమ్మీ, అంతా రాసే ఉంటదన్నాడు. నన్ను ఎత్తిపొడవాలని అనలేదు. ఆయనకలా అనడం రాదు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చుట్టూ ఎవరూ లేరు. చాయ్ తాగడానికి పట్టినంత సమయం ఉంది. చెబితే ఆయన కోప్పడతాడని భయమా? కాదు. కోప్పడితే తేలికయ్యేది. ఐదేళ్ల కింద తనని తాను అనుమానించుకున్నది నా బైకు షోకు కోసమని తెలిసి, అయితే ఏం లే తమ్మీ అంటాడేమోనని భయం. చాయ్ బాగుందని చెప్పి వచ్చేశాను.

ఆయన ఇది చదవడు. చదివినా, పోయిన బావులు తిరిగి రావు. అయినా ఇక్కడ రాస్తున్నాను.

మూతలో మట్టి నా వల్ల చేరింది. దాన్ని తుడిచి అబద్ధమాడింది నేను. నర్సింలన్న ఆ రోజు దిగింది నాలుగు నిలువులే.

మూడు వాక్యాలు. నవ్వించే మాట ఒక్కటీ కలపకుండా రాయగలిగాను.