సగం తలుపు

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అంటారు, చాటుగా తలుపు మేడమ్ అంటారు. పిల్లల బాగోగులు చూడమని జీతమిస్తుంటే, వడ్రంగిని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుందని వాళ్ల వేళాకోళం. ఏ ఇంటికెళ్లినా గుమ్మం బయటే ఆగి, "రావచ్చా అమ్మా?" అని అడగడం కూడా వాళ్లకు నవ్వులాటే. ఆమె పట్టించుకోదు.

మొదట్లో ఆమె ఇలా ఉండేది కాదు. మహా దూకుడు. ఎవరో ఫిర్యాదు చేశారని ఓ కుట్టుపనావిడ గదిలోకి చరచరా వెళ్లింది. ఉన్నది ఒకటే గది, గుమ్మం దిగితే రోడ్డు. రెండేళ్ల పిల్ల నడుముకు చీరపేలిక కట్టి, రెండో కొస మిషను కాలికి ముడేసి ఉంది. అది చూడగానే ఆమెకు ఒళ్లు మండింది.

"తలుపేస్తే చీకటి మేడమ్, సూది కనపడదు. తీస్తే లారీలు. నన్నేం చెయ్యమంటారు?" అంది తల్లి.

"బిడ్డనుకున్నావా, మేకనుకున్నావా?" అంటూ మేడమ్ ముడి విప్పేసి, పిల్లను చంకనేసుకుని జీపెక్కింది. తల్లి వీధి చివరిదాకా వెంట పరుగెత్తింది. మేడమ్ వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పట్లో మేడమ్ కొడుకును అత్తగారు సాకేది. ఆవిడ లేకపోతే తన గతేమిటన్న ఆలోచన ఏనాడూ రాలేదు. ఏడాది తిరిగేసరికి అత్తగారు మంచం పట్టింది, మొగుడు క్యాంపులో ఉన్నాడు, సెలవులు అయిపోయాయి. ఒకరోజు పిల్లాణ్ణి గదిలో కూర్చోబెట్టి బయట గొళ్లెం పెట్టబోయింది. గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. మిషను కాలికి కట్టిన చీరపేలిక గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

కొడుకును చంకనేసుకునే వడ్రంగిని వెతికి పట్టుకుంది. కుట్టుపనావిడ గుమ్మానికి సగం తలుపు పెట్టించింది. పైనుంచి వెలుతురు, కింద పిల్లకు అడ్డు. అదంతా ఒక పూట పని. ఆ పూట పని ముందే చేయించి ఉంటే పిల్ల సర్కారు హోంకు వెళ్లేదే కాదు. పైవాళ్ల కాళ్లావేళ్లా పడి, చివరికి పిల్లను తల్లి దగ్గరకు తీసుకొచ్చింది.

పిల్ల తల్లిని గుర్తుపట్టలేదు. మొహం తిప్పుకుని మేడమ్ మెడ కరుచుకుంది. తల్లి చేతులు చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఎత్తుకోవచ్చా మేడమ్?" అంది.

మేడమ్ తల ఊపి, తన మెడ చుట్టూ బిగుసుకున్న ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. ఆనాటి ముడి విప్పినంత తేలిగ్గా అవి రాలేదు.