నాప్పి గుర్రుమన్న రోజు

ఉత్తరాన మంచుదేశంలో, సముద్రపు ఒడ్డునున్న రౌమా ఊరి పాతబస్తీలో, పసుపు రంగు చెక్క ఇంటి కింది గదిలో, మార్కెట్టా ఆడవాళ్ల జుట్టు కత్తిరించడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. చేతిలో కత్తెర ఎంత చురుగ్గా ఆడుతుందో నోరూ అంతే. ఏదైనా తలకెక్కిందంటే ఇక దిగదు. ఒక ఏడు మంచు పగలగొట్టుకుని సముద్రంలో మునగడం పట్టుకుంది. ఇంకో ఏడు రై అనే ధాన్యం పిండి పులియబెట్టి, రొట్టెలు కాల్చి, వద్దన్నవాళ్ల సంచుల్లో కూడా కుక్కి పంపింది.

ఆమెకు రెండు చిన్న కుక్కలు. సీతాకోకచిలుక రెక్కల్లాంటి చెవులున్న ఆడకుక్క రూసినా. చెప్పుల జత కన్నా కాస్త పెద్దగా, నల్లగా, ఎప్పుడూ వణుకుతూ ఉండే మగకుక్క నాప్పి. రెండింటికీ తిండంటే పడదు. కొట్లో దొరికే పొడి గుళికలు పోస్తే, మూతి ముడుచుకుని గిన్నె చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్లిపోయేవి. మార్కెట్టా నేల మీద చతికిలబడి, ఒక్కొక్క గుళికా వేళ్లతో అందిస్తూ, "ఇది నాన్న ముద్ద, ఇది డాక్టరమ్మ ముద్ద" అంటూ బతిమాలేది. రూసినా దయతలచి నాలుగు నమిలేది. నాప్పి అదీ లేదు.

"కుక్కలకి నువ్వు పనిమనిషివి" అనేవాడు భర్త ఎన్సియో. ఓడల కార్ఖానాలో వెల్డింగు చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు చలికాలమంతా మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టడమే పని.

ఒకరోజు తూలిక్కి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. మందుల షాపు నడిపి మానేసిన పెద్దావిడ. చంకలో ఆమె బుల్లి టెర్రియర్. కిందకి దించిందో లేదో, అది గది మూల నాప్పి వదిలేసిన గిన్నె మీద పడి గుళికలన్నీ ఊడ్చేసింది.

మార్కెట్టా కత్తెర గాల్లోనే ఆగిపోయింది. "ఇదేంటమ్మా! నీ కుక్క కూడా మా వాటిలాగే వంకలు పెట్టేదిగా?"

"పెట్టేది. ఇప్పుడు పచ్చిమాంసం తింటోందే అమ్మాయ్, అప్పట్నుంచి ఏదీ వదలదు. గడ్డకట్టించి బిళ్లలుగా అమ్ముతారు. గురువారం సాయంత్రం ఆటల మైదానం దగ్గరికి లారీ వస్తుంది. ఒక్కసారి చూడు."

ఇంకేముంది! గురువారం దుకాణం తొందరగా మూసేసి, మంచు మీద జారే స్లెడ్జి బండి లాక్కుంటూ మార్కెట్టా లారీ ముందు నిలబడింది. చుట్టూ కుక్కలు, వాటి యజమానులు, నోళ్లలోంచి ఆవిరి, ఎవరి కుక్క ఎంత తింటుందన్న కబుర్లు. ఆమెకు తిరునాళ్లకు వెళ్లినట్టే ఉంది. టర్కీకోడి, గొడ్డుమాంసం, సాల్మన్ చేప, ఏది చూస్తే అది కొనేసింది.

ఇంటికొచ్చి ఫ్రీజరు తెరిస్తే ఖాళీ లేదు. ఎన్సియో అడవిలో ఏరుకొచ్చిన బ్లూబెర్రీలన్నీ తీసి వరండాలో పెట్టింది.

"నా పళ్లు చలిలో, కుక్క కూడు ఫ్రీజర్లోనా?" అని ఎగిరాడు ఎన్సియో.

"బయట ఫ్రీజరు కన్నా చలిగా ఉందిలే. నీ పళ్లకేం కాదు."

ఆ సాయంత్రమే రెండు గిన్నెల నిండా మాంసం పెట్టింది. నాప్పి దూరం నుంచి వాసన చూసి సోఫా కిందికి దూరింది. రూసినా మాత్రం ఒక్క గుక్కలో గిన్నె ఖాళీ చేసి, నాప్పి వాటా కూడా లాగించి, పెదాలు నాక్కుంది. మార్కెట్టా సంతోషం పట్టలేక టంపెరేలో ఉన్న చెల్లెలికి ఫోను చేసి గంతులేసింది.

తెల్లారి లేచేసరికి ముందుగది తివాచీ మీద రూసినా చేసిన ఘనకార్యం గోడ దాకా పాకింది.

"లారీవాడు తివాచీ కూడా అమ్ముతాడేమో కనుక్కో" అన్నాడు ఎన్సియో, ముక్కు మూసుకుని.

మార్కెట్టా రెండు కుక్కల్నీ కోటులో చుట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. డాక్టరమ్మ రూసినా పొట్ట నొక్కి చూసి నవ్వింది.

"దీనికేం కాలేదు. దీని పొట్ట కాఫీకప్పంత. రాత్రికి రాత్రి తిండి మార్చేసి, పైగా రెట్టింపు పెడితే ఏం చేస్తుంది పాపం? పాత తిండిలో గోరంత కలుపు. పొట్ట సరిగ్గా ఉంటే మర్నాడు ఇంకాస్త. సంపూర్ణాహారం అని రాసిందే కొను, ఉత్త మాంసంతో సరిపోదు. చేతులూ గిన్నెలూ శుభ్రంగా కడుక్కో, పచ్చిమాంసంలో క్రిములుంటాయి. ఇదేమీ మంత్రం కాదు, మార్కెట్టా. పడితే పడుతుంది, లేకపోతే వేరే దారి చూద్దాం."

ఆ మాటతో ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నెమ్మదిగా చేయడం ఆమె ఒంటికి పడని పని. అయినా పళ్లు బిగించుకుని చెంచా కొసతో కొలిచి కలిపింది. రూసినా దారిలో పడింది. నాప్పి మాత్రం అంతవరకూ వద్దన్న గుళికలే ఏరుకుని మాంసం వదిలేసేవాడు. వారాలు గడిచాయి. "వీడు నా వల్ల కాదు" అని మార్కెట్టా మొదటిసారి డీలా పడింది.

ఒక మధ్యాహ్నం తూలిక్కి తలకి రోలర్లు చుడుతుండగా దుకాణంలో ఫోను మోగింది.

"మార్కెట్టా! వెంటనే రా! నాప్పి... అయ్యో, నాప్పి...!" ఎన్సియో గొంతు. అంతే, ఫోను పెట్టేశాడు.

మార్కెట్టా చేతిలో రోలరు కింద పడేసింది. కోటు కూడా వేసుకోకుండా వీధిలోకి పడింది. వెనకే తూలిక్కి, తల నిండా ఆకుపచ్చ రోలర్లతో, మెడలో తువ్వాలుతో, జారే రాళ్ల మీద "ఆగవే, నన్నూ రానీ!" అని కేకలేస్తూ పరుగు. బేకరీ ముందు జనం నోళ్లు తెరిచి చూశారు.

తలుపు తోసి చూస్తే, వంటింటి మధ్యలో ఎన్సియో బోర్లా పడుకుని ఉన్నాడు. అతని ముక్కు ముందు గిన్నె. ముందుకాళ్లు రెండూ గిన్నెలోనే పెట్టి నాప్పి మాంసం లాగిస్తున్నాడు! ఎన్సియో వేలు కాస్త ముందుకి జరిగింది.

"గుర్ర్ర్..."

పుట్టి బుద్ధెరిగాక నాప్పి ఎవరి మీదా గుర్రుమనలేదు.

"విన్నారా? నన్ను బెదిరిస్తున్నాడు! నా మీదే గుర్రుమంటున్నాడు!" ఎన్సియో కళ్లలో నీళ్లు.

మార్కెట్టా కెవ్వున అరిచి అతని పక్కనే పడుకుంది. తూలిక్కి చప్పట్లు కొడుతుంటే ఒక రోలరు ఊడి దొర్లుకుంటూ పోయింది. నాప్పి గిన్నె అడుగు నాకి, తలెత్తి, ఇంకేదీ అన్నట్టు చూశాడు.

"ఏం చేశావసలు? నిజం చెప్పు!" అని భర్త భుజం పట్టుకుని ఊపేసింది మార్కెట్టా.

"ఏముందీ... ముట్టుకుంటే మంచులా చల్లగా ఉంది. గోరువెచ్చని నీళ్లు ఒక చెంచా పోసి కలిపా. వాసన పైకి లేచింది. వాడు సోఫా కింద నుంచి ముక్కు బయటపెట్టాడు. నేను కదల్లేదు" అన్నాడతను సిగ్గుపడుతూ.

"నన్ను చంపేశావు కదయ్యా ఫోనులో! ఇంకో ముక్క చెప్పి పెట్టేయచ్చుగా?"

"మాట రాలేదే!"

మార్కెట్టా అతని బట్టతల మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టింది.

ఆ తర్వాత నాప్పి వెనక్కి చూడలేదు. వసంతం వచ్చేసరికి ఒంట్లో కండ పట్టింది, వణుకు తగ్గింది. "ఇదంతా తిండి మహిమేనా?" అని అడిగితే డాక్టరమ్మ, "కొంత తిండి, కొంత నువ్వు బతిమాలడం మానేయడం" అంది. మార్కెట్టా ఆ రెండో ముక్క ఎవరికీ చెప్పలేదు.

గురువారాలు లారీ దగ్గరికి వెళ్లే పని ఎన్సియో తనే తీసుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకి గోరువెచ్చని నీళ్ల సంగతి చేతులు తిప్పుతూ చెబుతాడట. చెప్పిన ప్రతిసారీ నాప్పి గుర్రు ఇంకాస్త పెద్దదవుతుందట. ఈ మధ్య ఒకావిడ దుకాణానికొచ్చి, "మీ ఇంట్లో వేటకుక్క ఉందటగా, చూడచ్చా?" అని అడిగింది. మార్కెట్టా నవ్వు ఆపుకోలేక కత్తెర కింద పెట్టేసి, కుర్చీ కింద నిద్రపోతున్న నాప్పిని ఎత్తి ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టింది.