అమ్మ చూస్తే అవుటవుతాడట

మన జట్టు గెలిచేదాకా ఒంటికి కూడా వెళ్లకుండా, కాలు కదపకుండా, అదే కుర్చీలో అలాగే కూర్చున్నది మీరు కాదా? మీ కడుపు ఉబ్బరానికీ, ఎక్కడో వందల మైళ్ల అవతల తిరుగుతున్న బంతికీ ఏమిటి సంబంధమని ఒక్కసారైనా మిమ్మల్ని మీరు అడిగారా? నవ్వి ఊరుకోకండి. మీరు ఆపుకున్నందువల్ల మీకు తప్ప ఎవరికీ బాధ లేదు, నిజమే. మా మార్కాపురంలో మాత్రం ఇలాంటి ఒక నమ్మకం కోసం ఒక తల్లిని ఊరు దాటించారు.

మా వీధిలో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. మార్కాపురం నుంచి తర్లుపాడుకు ఆటో తిప్పుతాడు. రక్తసంబంధం లేకపోయినా నన్ను బావా అంటాడు, నేనూ అలాగే పిలుస్తాను. అతని భార్యకు నేను అన్నను. ఆమె పలకల కార్ఖానాలో పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంది. వాళ్ల అబ్బాయి ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. జిల్లాకు ఆడి, రాష్ట్రం జట్టుకు ఎంపికై, రాష్ట్రాల మధ్య జరిగే వన్డే టోర్నమెంటుకు వెళ్లాడు. రాష్ట్రం జెర్సీ వేసుకొని కొడుకు మైదానంలోకి నడిచిపోవడం ఒక్కసారి చూడాలన్నది ఆ తల్లి కోరిక. అంతకు మించి ఆమె మనిషినీ అడగలేదు, దేవుణ్నీ అడగలేదు.

ఈ టోర్నమెంటు మ్యాచ్‌లు చాలావరకు టీవీలో రావు. ఫోన్‌లో అంకెలు వస్తాయి, అంతే. మైదానంలో ఒకాయన కూర్చొని ప్రతి బంతికీ ఏమైందో నొక్కుతాడు. అది చుట్టూ తిరిగి మా ఊరి ఫోన్‌లోకి వచ్చేసరికి అక్కడ తరువాతి బంతి కూడా పడిపోయి ఉంటుంది. అంటే మా వాళ్లు అయిపోయిన బంతికి దణ్ణాలు పెడతారన్నమాట. దేవుడు వినదలచుకున్నా ఆయన చేయగలిగింది ఏమీ మిగలదు.

పలకల కార్ఖానా పక్కనే భాయ్ టీ దుకాణం. విరిగిన పలకల దొంతరకు ఫోన్ ఆనించి అందరూ దాని ముందు చేరేవారు. మా బావ ఒక కాలు నేల మీద, ఒక కాలు ఆటో మెట్టు మీద పెట్టి నిలబడేవాడు. కొడుకు జిల్లా జట్టుకు ఎంపికైన కబురు అతనికి అలా నిలబడి ఉండగా వచ్చిందట. కార్ఖానా ఓనరు బిస్కట్టు టీలో ముంచేవాడు కాదు, కొరికేవాడు కాదు, ఓవరంతా గాలిలో పట్టుకునేవాడు. చర్చి పెద్ద ఒకాయన కళ్లు మూసుకొని ప్రార్థన చేసేవాడు; అందువల్ల స్కోరు కనపడక మధ్యమధ్య ఒక కన్ను తెరిచి, "ఏమయింది, ఏమయింది?" అని అడిగేవాడు. మా వాడు క్రీజులో ఉన్నంతసేపూ భాయ్ పొయ్యి మీది గిన్నె దించేవాడు కాదు. దించితే వికెట్టు పోతుందట. ఆ టీ తాగినవాళ్లకు మా వాడు తొందరగా అవుటైతే బాగుండునని లోలోపల అనిపించి ఉంటుంది.

మతాల మధ్య సామరస్యం కోసం సభలు పెట్టేవాళ్లు ఒకసారి ఆ దుకాణానికి వచ్చి చూడాలి. మూఢనమ్మకం దగ్గర అందరూ అన్నదమ్ములే.

మొదటి మ్యాచ్ రోజు భోజనం వేళకు ఆమె కార్ఖానాలోంచి చేతుల పొడి దులుపుకుంటూ వచ్చి ఫోన్ మీదికి వంగింది.

"యాడున్నాడు వాడు?"

"ఇదో, పేరు పక్కన చిన్న బ్యాట్ బొమ్మ ఉంది చూడు, అదే మీ వాడు" అని భాయ్ వేలు పెట్టి చూపించాడు. ఆయన వేలు తీసేలోపే ఆ బొమ్మ పోయి, అవుట్ అని ఎర్ర అక్షరాలు పడ్డాయి.

ఎవరూ ఫోన్ వంక చూడలేదు. అందరూ ఆమె వంక చూశారు.

ఓనరు గాలిలోని బిస్కట్టు దించాడు. "నువ్వు అట్ల వంగినావు, వాడు ఇట్ల పోయినాడు గదమ్మా!"

"ఆ బంతి పడి ఎంతసేపైందో తెలుసా మీకు?" అన్నాను నేను. "బంతి పడినప్పుడు ఆమె ఇక్కడ లేదు. రోడ్డు దాటుతోంది."

భాయ్ పొయ్యి మీది గిన్నె దించాడు. "అట్లయితే రోడ్డు దాటేటప్పుడే నజర్ తగిలి ఉంటది సార్."

వాదనలో నేను చాలామందిని ఎదుర్కొన్నాను. జాతకాలవాళ్లతో, వాస్తువాళ్లతో, తాయెత్తులవాళ్లతో వేదికల మీద వాదించాను. భాయ్ దగ్గర మాత్రం ఓడిపోయాను.

రెండో మ్యాచ్‌కు ఆమెను రావద్దన్నారు. రాలేదు. కార్ఖానా ప్రహరీ అవతల పని చేసుకుంటూ, ఉండబట్టలేక, "ఎంత కొట్టినాడు?" అని ఒక్క కేక వేసింది. ఆ ఓవర్లోనే వాడు అవుటయ్యాడు. చూడటంతో పాటు అడగటం కూడా నేరాల్లో చేరింది.

ఆ సాయంత్రం అబ్బాయి ఫోన్ చేశాడు. మా బావ స్పీకరు పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను. "నాయనా, రెండుసార్లూ ఎడమచేతి బౌలరే. బంతి లోపలికి తెస్తన్నాడు. నా ముందు కాలు అడ్డం పడతంది. కాలికి తగిలి ఎల్బీ అయితన్నా. కోచ్ సార్ దగ్గర అదే పని మీద ఉన్నా."

ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? ఆడినవాడే చెప్పాడు, ఎందుకు అవుటయ్యాడో, దానికి ఏం చేస్తున్నాడో. మా బావ ఫోన్ పెట్టేసి నిట్టూర్చాడు. "పిల్లోడిది ఎంత మంచి మనసు బావా! తల్లి నొచ్చుకుంటదని కాలు మీద పెట్టి చెప్తన్నాడు."

మా బావ చెడ్డవాడు కాడు. అతనికి భయం. మూడో మ్యాచ్‌లోనూ ఆడకపోతే కొడుకును పక్కన కూర్చోబెట్టి, ఎదురుచూస్తున్న ఇంకో ఓపెనర్‌ను దించుతారని తెలుసు. తను మైదానంలోకి వెళ్లి ఆ కాలు జరపలేడు. తన చేతిలో ఉన్నది ఆటో, ఆ ఆటోలో ఎక్కించి పంపగలిగిన భార్య. అందుకని మూడో మ్యాచ్ ముందురోజు ఆమెను పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న వాళ్లక్క ఊరికి బయలుదేరదీశాడు. కారణం ఒక్కటే. ఆ ఊళ్లో సిగ్నల్ రాదు.

నేను ఆటోకు అడ్డం నిలబడ్డాను.

"నేనేమన్నా తిట్టినానా, కొట్టినానా? అక్క ఇంటికి పంపిస్తన్నా. ఇంత మాత్రానికి నీ ఉపన్యాసం ఏంది బావా?"

"అడ్డం పడేది వాడి కాలు. నువ్వు ఊరు దాటించేది ఈమె కళ్లను. దీనికీ దానికీ ఏమైనా పొత్తు ఉందా?"

"నీకు కొడుకు ఆడతంటే తెలిసేది" అన్నాడు.

ఆమె సంచి ఒళ్లో పెట్టుకొని వెనక సీట్లో కూర్చుంది. "పోనీలే అన్నా. నేను చూడకుంటే వాడు ఆడతాడంటే ఉండలేనా?" ఆటో కదిలాక తల బయట పెట్టి, "వాడు పుట్టినకాడి నుంచి చూస్తానే ఉన్నా గదా. అప్పుడేమీ కాలే" అంది.

మూడో మ్యాచ్‌లో వాడు నిజంగా ఆడాడు. మొదట ఆచితూచి, కొత్త బంతి పాతబడ్డాక ధాటిగా, సెంచరీ దగ్గరదాకా వెళ్లాడు. జట్టు గెలిచింది. ఆటో మెట్టు మీద కాలు తీయకుండానే మా బావ ఏడ్చాడు. ఓనరు బిస్కట్టు తిన్నాడు. భాయ్ దించిన గిన్నెలో టీ లేదు, నల్లటి మడ్డి ఉంది. దాన్ని కూడా అందరూ సంతోషంగా తాగారు. "చూసినావా సార్?" అని నన్ను అడగనివాడు పాపాత్ముడు.

మరునాడు ఆమెను తీసుకురావడానికి మా బావతో నేనూ వెళ్లాను. వాళ్లక్క మంచినీళ్ల చెంబు ఇస్తూనే మొదలుపెట్టింది. "ఏం మరిదీ, నా చెల్లెల్ని ఎండలో మాడబెట్టినావు గదయ్యా! చేల అవతల పెద్ద బండ ఉంది, ఫోన్ మాట్లాడాలంటే అందరం దాని మీదికే పోతాం. నా కోడలి ఫోన్ తీసుకొని పొద్దున ఎక్కింది, వాడు అవుటయిందాకా దిగలేదు. అన్నానికి పిలిస్తే పలకలేదు."

ఆమె తలవంచుకుంది. "చూడకుండా ఉందామనే అనుకున్నా. కాళ్లు నిలవలేదు."

అంటే మొదటి బంతి నుంచి ప్రతి పరుగూ ఆమె చూసింది. మా బావ నీళ్ల చెంబు పట్టుకొని గడప మీద కూలబడ్డాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇన్నేళ్ల ప్రచారంలో ఇంత చక్కటి రుజువు నాకు ఎక్కడా దొరకలేదు. ఇక ఈ నమ్మకానికి కర్మకాండ జరిపించి భోజనాలు పెట్టుకోవచ్చుననుకున్నాను. తిరుగుదారిలో మా బావ చాలాసేపు మాట్లాడలేదు. సత్యం లోపలికి దిగుతోందనుకొని నేనూ కదిలించలేదు. సగం దారిలో ఆటో పక్కకు తీసి ఆపి, వెనక్కి తిరిగాడు.

"అయితే ఆ బండ మీద నుంచి చూస్తే మంచిదన్నమాట!"

టీ దుకాణంలో విచారణ జరిగింది. చెప్పులతో నిలబడిందా, చెప్పులు విడిచా? ఏ పక్కకు మొహం పెట్టింది?

"సిగ్నల్ యాడొస్తే ఆ పక్కకు" అంది ఆమె.

"యాడొచ్చింది?"

"పడమరకు."

ఓనరు తల పంకించాడు. "అదీ సంగతి." ఏది సంగతో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

సరిగ్గా అప్పుడే అబ్బాయి ఫోన్ చేశాడు. తరువాతి మ్యాచ్ మన రాష్ట్రంలోనే. పొద్దున్నే బస్సెక్కితే అందుకోవచ్చు. లోపలికి టికెట్టు కూడా ఉండదు. "అమ్మా, నువ్వూ నాయనా రాండి. ఒక్కసారన్నా నన్ను చూడరా మీరు?"

ఆమె ఇన్నాళ్లూ కోరుకున్నది ఎవరూ అడగకుండానే ఎదురుగా వచ్చింది. దుకాణం మొత్తం ఒక్క గొంతుతో వద్దంది. ఇంత బాగా పనిచేసిన బండను వదిలి మైదానానికి పోవడమా? మా బావ బతిమాలాడు. "ఈ ఒక్క మ్యాచ్‌కి బండ ఎక్కవే. వాడు నిలదొక్కుకున్నాక నేనే తీసుకొనిపోతా."

"బండ మీదికి ఒకట్లు, నాలుగులు వస్తాయి. వాడు రాడు" అంది ఆమె. "నేను అన్నతో బస్సెక్కుతన్నా. వచ్చేవాడివైతే రా."

అతను రాలేదు. ఎందుకు రాలేదో విన్నాక నేను మొదట నవ్వాను, తరువాత నవ్వలేకపోయాను. ఇద్దరిలో ఒకరైనా బండ మీద ఉండాలని, ఆమె బదులు తను నిలబడటానికి పుల్లలచెరువు వైపు వెళ్లిపోయాడు. చెప్పులు విడిచి, పడమర మొహంగా.

మైదానంలో జనం లేరు. ఆటగాళ్ల కిట్ బ్యాగులు, నీళ్ల డబ్బాలు, చెట్టు కింద నలుగురైదుగురు పెద్దమనుషులు. ఇద్దరు ఓపెనర్లు నడిచి వస్తుంటే హెల్మెట్ల వల్ల నాకు ఎవరు ఎవరో తెలియలేదు. ఆమె మాత్రం, "ఆ ఎడమ పక్క వాడే" అంది. "ఎంత పొడుగైనాడన్నా!"

మూడో ఓవర్లో వాడు ముందుకు జరిగి కవర్స్ మీదుగా ఒక ఫోర్ కొట్టాడు. బ్యాట్ చప్పుడు మా దాకా వినిపించింది. ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది. తరువాత ఎడమచేతి బౌలర్ వచ్చాడు. బంతి లోపలికి వచ్చింది, కాలు అడ్డం పడింది, అంపైర్ వేలు లేచింది. తొమ్మిది పరుగులు.

విరామంలో అబ్బాయి కంచె దగ్గరికి వచ్చాడు. "మళ్లీ అదే కాలమ్మా. చూసినావా?"

"చూసినా. ఆ ఫోర్ కూడా చూసినా. ఆ చప్పుడు ఫోన్‌లో రాదురా."

వాడు నవ్వాడు. "నాయన యాడ?"

ఆమె నా వంక చూసింది. జవాబు నేనే చెప్పాను. వాడు నవ్వబోయి, ఆగిపోయి, చేతిలోని గ్లవ్స్ వంక చూస్తూ ఉండిపోయాడు.

మేము తిరిగి వచ్చేసరికి దుకాణంలో తీర్పు సిద్ధంగా ఉంది. తల్లి వెళ్లింది, కొడుకు పోయాడు. మా బావ మొహం ఎండకు కమిలి ఉంది. అతను ఆమెను ఏమీ అనలేదు. అందరూ వెళ్లాక మెల్లగా, "ఆ ఫోర్ ఎట్ల కొట్టినాడే?" అని అడిగాడు. ఆమె పక్కనున్న చట్రం చెక్క తీసుకొని, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, ఎడమ కాలు ముందుకు వేసి చూపించింది. "ఇంకొకసారి" అన్నాడు. మళ్లీ చూపించింది. ఆ షాట్‌ను తన కళ్లతో చూసే అవకాశం అతని ఇంటిదాకా వచ్చింది. దాన్ని వదిలేసి బండ మీద అంకె కోసం కాచుకున్నాడు. ఆ అంకె కూడా ఆలస్యంగానే వచ్చింది.

సెంచరీ దగ్గరికి వెళ్లిన మ్యాచ్ పుణ్యమా అని అబ్బాయి చోటు ఇంకొక మ్యాచ్‌కి నిలిచింది. కాలు సరిచేసుకునే పని వాడిది, వాడు చేసుకుంటాడు. దుకాణంలో మాత్రం ఈసారి ఆమెను ఎక్కడికి పంపాలన్న చర్చ మళ్లీ మొదలైంది.

మీ వీధిలోనూ ఇలాంటి ఫోన్ ఒకటి ఉంటుంది, దాని ముందు నుంచి లేపి పంపేసిన మనిషి ఒకరు ఉంటారు. ఈ పుస్తకం పక్కన పెట్టండి. మొదట మీరు ఆ కుర్చీలోంచి లేవండి. వెళ్లి ఆ మనిషిని పిలుచుకొచ్చి అందులో కూర్చోబెట్టండి. మ్యాచ్ దగ్గరలో ఉంటే ఆ తల్లినీ, ఆ తండ్రినీ ఇద్దరినీ బస్సెక్కించండి. వాడు అవుటైనా సరే, ఎక్కించండి.